చెల్లెలి ఇంట్లో బాడుగకు

తిరుత్తణిలో లాడ్జీ లాడ్జీకీ గుర్రాన్ని వెంటబెట్టుకుని తిరుగుతున్న మనిషి ఒకడున్నాడని, అతను మరెవరో కాదు, రుక్మిణమ్మ అన్న దొరస్వామేనని, పక్కింటి అలమేలుకు వాళ్ళ తమ్ముడి పెళ్ళాం చెప్పిందట. తమ్ముడి పెళ్ళానికి ఆ వీధిలో పూలమ్మే ఆవిడ చెప్పిందట. పూలమ్మే ఆవిడ మాత్రం కళ్ళారా చూసిందట. అలమేలు మోసుకొచ్చే కబురు ఏదైనా సరే, దాని మొదట్లో ఎవరో ఒకరు కళ్ళారా చూసి తీరతారు.

"మొదటి లాడ్జీలో ఏమయిందంటే అక్కా," అని అలమేలు పిట్టగోడ మీద మోచేతులు ఆనించి మొదలుపెట్టింది. "కౌంటర్లో పిల్లోడు ఎంతమంది సార్ అనినాడంట. ఇద్దరం అనినాడంట మీయన్న. ఇద్దరి ఆధార్ కార్డూ ఇయ్యండి అంటే, ఒకరికి లేదప్పా అనినాడంట. ఆడమనిషా మొగమనిషా అంటే, ఆడదే, లోపలికి రాదు, బయటనే నిలబడుకోనుంది అనినాడంట. వాడు తొంగి చూస్తే ఏముంది? ఎర్రంగా, ఇంతెత్తు, గుర్రం! అందురూ సెల్లులో ఫోటోలు తీసుకున్నారంట."

రుక్మిణమ్మ నవ్వలేదు. అరుగు మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. చివరికి యాడ దిగినాడంట అని అడగాలని ఆమెకు నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే అలమేలు గెలిచినట్టే. అందుకని చేతిలో ఉన్న కాయ గట్టిగా ఉన్నట్టు దానితో కుస్తీ పట్టింది.

"యాడా దొరకలేదు పావం," అంది అలమేలు, అడగకుండానే. "పెండ్లి ముహూర్తాలు కదా, రూములన్నీ పెండ్లోళ్ళే పట్టుకున్నారు. ఒకటి రెండు చోట్ల మనిషికైతే ఇస్తాం, గుర్రానికి ఇయ్యం అనినారంట. అది లేకుండా నేను పండుకోను అనినాడంట ఆయన. పళ్ళిపట్టు రోడ్డులో పెట్రోలు బంకు పక్కన టెంపో నిలబెట్టుకోని దాంట్లోనే పండుకున్నాడంట. తోడబుట్టింది ఊర్లో ఇంత ఇల్లు పెట్టుకోనుంటే ఆయప్పకు ఆ గతి ఏంది అని అడగతావుండారక్కా జనం."

"జనమా, నువ్వా?"

"నేనూ జనమే కదక్కా."

రుక్మిణమ్మ ఒలిచిన గింజల గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వెనక చాలాసేపు అలాగే నిలబడింది. గిన్నె చేతిలోనే ఉంది.

అత్తిమంజేరిపేట పక్కన ఏటిగడ్డ మీద ఇంత పెద్ద ఎత్తున గుర్రప్పందాలు జరగడం ఇదే మొదలు. అసలు పందాలు మొదలయ్యేది ఎల్లుండి. వారం ముందునుంచే మదురై వైపునుంచీ, కోయంబత్తూరు నుంచీ, బెంగుళూరు నుంచీ గుర్రాలూ గుర్రాల వాళ్ళూ దిగబడ్డారు. తిరుత్తణి నిండిపోయింది, పళ్ళిపట్టు నిండిపోయింది, ఆ పొంగు వచ్చి పల్లెల మీద పడింది. ఊళ్ళో కోళ్ళగూడు తప్ప అన్నిటికీ బాడుగ పలికింది. పై వీధిలో ఒకాయన మామగారి మంచాన్ని వసారాలోకి మార్చి ఆయన గదిని మదురై వాళ్ళకిచ్చాడు. మామగారు వసారాలో కూర్చుని, వచ్చేపోయే గుర్రాలను చూస్తూ, ఇన్నేళ్ళకు నాకు మంచి చోటు దొరికిందని సంబరపడుతున్నాడు.

ఒక్క రుక్మిణమ్మ ఇంట్లోనే పెరటివైపు గది ఖాళీగా ఉంది. ఖాళీగా ఉందంటే ఊరికే లేదు. సున్నం కొట్టించింది, ఫ్యాను బాగుచేయించింది, నులకమంచం తీసేసి మంచి మంచం వేయించింది. ఆ గదికిటికీ పశువుల కొట్టం వైపు తెరుచుకుంటుంది. కొట్టంలో ఇప్పుడు పశువులు లేవు. అక్కడా శుభ్రంగా ఊడ్చి, తొట్టి కడిగి నీళ్ళు నింపింది. అడగడానికి వచ్చిన వాళ్ళకు మాత్రం ఏదో ఒక వంక చెప్పి పంపేసింది.

ఆమె భర్త సుదర్శనం బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఖాళీ సీటు చూస్తే ఆయనకు ప్రాణం ఒప్పదు.

"నిన్న బెంగుళూరు పార్టీ వచ్చి అడిగితే గది కారతాది అంటివంట," అన్నాడు ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని. "ఎండలు మొదలయ్యే మాసి నెలలో వాన యాడుండాదే, కారేదానికి?"

"వాన లేకపోతే కారదా?"

"కారదు."

"అయితే ఎలకలుండాయి."

సుదర్శనం తలవంచుకుని అన్నం కలుపుకున్నాడు. గది ఎవరికోసమో ఆయనకూ తెలుసు. తెలిసినా పేరెత్తే ధైర్యం లేదు. ఆ పేరు ఇంట్లో ఆగిపోవడంలో ఆయన చెయ్యి కొంత ఉంది.

ఆరేళ్ళ కిందట కూతురు మధుమిత పెళ్ళి జరిగింది. వీళ్ళ ఇళ్ళల్లో పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకొచ్చేది మేనమామే. అది వేరే ఎవరూ చేసే పని కాదు, మేనమామ ఉండగా ఇంకొకరు ఆ బుట్ట తాకరు. దొరస్వామి పెళ్ళికి ముందు నెల రోజులూ, మధుమిత బరువు పెరిగింది నా నడుము ఏమవుతుందో అని ఫోన్లో రోజూ ఎగతాళి చేస్తూనే ఉన్నాడు. ఆయన పట్నం పక్కన పట్టాభిరామ్‌లో గుర్రాలు పెంచుతాడు. పెళ్ళికొడుకుల ఊరేగింపులకు పంపుతాడు, బీచీ దగ్గర తిప్పడానికి ఇస్తాడు, పందాలకూ తీసుకెళ్తాడు. ముందురోజు రాత్రికే రావలసినవాడు రాలేదు. చూడి గుర్రానికి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. తెల్లవారింది. మేళం మోగుతోంది, ఆయన ఫోను చేస్తే ఎవరికీ వినబడలేదు. అయ్యవారు గడియారం చూస్తున్నారు. ఇంక ఆగితే కుదరదు అని సుదర్శనం తన పెద్దనాన్న కొడుకును పిలిచి బుట్ట ఎత్తమన్నాడు.

ఆ బుట్ట పీటల దగ్గరికి రావడమూ, దొరస్వామి మండపం గేటు దగ్గర షేరాటో దిగడమూ ఒకేసారి జరిగాయి. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో మేనకోడలికి పట్టుచీర. ఆయన ఒక్క క్షణం చూశాడు. పళ్ళేన్ని గేటు దగ్గర నిలబడ్డవాడి చేతిలో పెట్టి తిరిగిపోయాడు. పీటల మీదనుంచి రుక్మిణమ్మకు అన్న వీపు మాత్రమే కనబడింది.

తర్వాత మాటలు చుట్టాల నోళ్ళ మీదుగా అటూ ఇటూ నడిచాయి. నేను బతికుండంగానే బుట్ట ఇంకొకడు ఎత్తినాడు అని ఆయన అన్నాడట. మేనకోడలి కంటే గుర్రం ఎక్కువయింది అని ఈమె అన్నది. అట అక్కర్లేదు, నిజంగానే అన్నది. అంతే, రాకపోకలు ఆగిపోయాయి. ఇంత పెద్ద పందెం తన ఊరి పక్కనే అని తెలిసిన నాటినుంచీ రుక్మిణమ్మకు ఒకటే లెక్క. ఈసారి అన్న తన ఊరిదాకా వచ్చి, తన ఇంటి కప్పు కింద తల పెట్టకుండా వెనక్కి పోయాడంటే, ఇక ఈ జన్మకు రాడు.

ఆ మధ్యాహ్నమే ఆమెకు ఉపాయం తోచింది. చాలా గొప్ప ఉపాయమని కూడా తోచింది.

పందాల పుణ్యమా అని ఊళ్ళో గదులు కుదిర్చే బ్రోకరుగా మారిన దినకర్‌కు ఫోన్ చేసింది. "పెట్రోలు బంకు కాడ ఒగాయన టెంపోలో గుర్రంతో ఉండాడు. ఆయనకు మా పెరటి గది చూపీ. కొట్టం ఉంది, తొట్టి ఉంది, పొయ్యి ఉంది అని చెప్పు. ఎవరి ఇల్లని మాత్రం చెప్పద్దు."

"బాడుగ ఎంత చెప్పేదక్కా?"

"నీ నోటికి ఎంతొస్తే అంత చెప్పు. బాడుగ అనే మాట ఉంటే సాలు."

ఆమె ఆలోచన ఇది. ఆమె పిలిస్తే ఆమె దిగివచ్చినట్టు. పిలవకుండా ఆయన వస్తే ఆయన దిగివచ్చినట్టు. బాడుగ అంటే ఎవరూ దిగిరానక్కర్లేదు. ఆయన బాడుగ కట్టి దిగాడు, ఈమె బాడుగకు ఇచ్చింది. వీధి మలుపు తిరగ్గానే ఇల్లు ఎవరిదో ఆయనకు ఎలాగూ తెలిసిపోతుంది, అక్కడిదాకా వచ్చినవాడు అందరి ముందూ వెనక్కి పోలేడు. ఒకసారి గుర్రాన్ని కొట్టంలో కట్టి, సంచీ మంచం మీద పెట్టాడంటే, అప్పుడు కాఫీ గ్లాసుతో తను బయటికొస్తుంది. ఆ తర్వాత సంగతి కాఫీ చూసుకుంటుంది.

పొద్దు వాలుతుండగా దినకర్ బండి మెల్లగా వీధిలోకి వచ్చింది. వెనకాలే డెక్కల చప్పుడు. రుక్మిణమ్మ ముందుగది కిటికీ రెక్క ఓరగా తెరిచి చూసింది. అన్న ముందు కనబడలేదు. ముందు గుర్రం మెడ, ఆ తర్వాత పగ్గం, ఆ తర్వాత పగ్గం పట్టుకున్న చెయ్యి. ఆయన గేటు దగ్గర ఆగాడు. గేటుకేసి చూశాడు, ఇంటికేసి చూశాడు. మొహంలో కోపం లేదు. అలసిపోయినవాడు కూర్చోవడానికి అరుగు చూసినట్టు చూశాడు.

"ఈ ఇంట్లో బాడుగకు ఇస్తామనింది ఎవరు? ఆయనా, ఆయమ్మా?" అని దినకర్‌ను అడిగాడు.

"అమ్మేనన్నా."

"బాడుగ అనే మాట, ఆమె నోటితోనే చెప్పిందా?"

"ఫోన్లో చెప్పిందన్నా. ఎక్కువేం లేదు, అగ్గువే."

గేటు సందులోంచి కనబడే తొట్టివైపు గుర్రం మెడ చాచింది. దొరస్వామి దాని మెడ మీద రెండుసార్లు తట్టి, పగ్గం గుంజి, మెల్లగా వెనక్కి తిప్పుకున్నాడు. డెక్కల చప్పుడు వీధి చివరిదాకా వినబడింది. కాఫీ పొయ్యి మీద పొంగిపోయింది.

"అక్కా," అంది అలమేలు గోడ అవతలనుంచి, "గుర్రం తిరిగి పోయిందే!"

ఆ సాయంత్రం సుదర్శనం విషయం మొత్తం విన్నాడు. భార్యనుంచి కాదు, అలమేలునుంచి. లోపలికొచ్చి, దీపం కూడా వెయ్యకుండా కూర్చున్న రుక్మిణమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.

"బుట్ట సంగతికి నన్ను ఇన్నేండ్లు తిడతా వస్తివి," అన్నాడు. "తిట్టినా పడితి. తప్పు నాది కాబట్టి పడితి. కానీ తోడబుట్టినోడికి బాడుగ చెప్పే పని నేను కూడా చెయ్యనే, రుక్మిణీ."

"అట్లయితే ఆయన మర్యాద నిలబడతాదని అనుకుంటి."

"మర్యాద నిలబడింది. మనిషే నిలబడలేదు."

ఆమె ఏడవలేదు. లేచి దీపం వేసింది. డబ్బాలు వెతికి ఉలవలు తీసి నీళ్ళలో నానబోసింది. అన్నీ ఒకేసారి, ఉన్నవన్నీ.

తిరువళ్ళూరు స్టేషను వెనక సందులో వాళ్ళ పుట్టిల్లు. వాళ్ళ నాయన జట్కా తోలేవాడు. ఆ ఇంట్లో పొద్దున లేస్తే పెద్ద ఇనుప బానలో ఉలవలు ఉడుకుతూ ఉండేవి. ఉడికిన గింజ గుర్రానికి, ఆ నీళ్ళు, అంటే ఉలవకట్టు, పిల్లలకు. గుర్రం తిన్నాకే పిల్లలకు పెట్టేవాడు నాయన. కట్టులో చింతపండూ తెల్లగడ్డలూ వేసి అమ్మ చారు కాస్తే, అన్నా చెల్లెలూ ఒకే పళ్ళెంలో కలుపుకుని, నీవైపు ఎక్కువ పోయిందని కొట్టుకునేవాళ్ళు. గుర్రం కొత్త ఊరు పోతే అక్కడి నీళ్ళకు మూతి పెట్టదు. నీళ్ళ వాసన మారితే చాలు, దాహంతో చస్తుంది కానీ తాగదు. అందుకని నాయన దూరం బాడుగ పోయినప్పుడల్లా ఒక సీసాలో కట్టు పోసుకుపోయేవాడు. బకెట్టు నీళ్ళలో ఆ కట్టు కలిపితే, ఇల్లే అనుకుని తాగేసేది.

ఈ సంగతి దొరస్వామికి తెలియక కాదు. కానీ టెంపోలో పొయ్యి ఎక్కడుంటుంది?

పొద్దున్నే ఉలవలు ఉడికాయి. గింజలు ఒక తపేలాలో, కట్టు ఒక క్యానులో. సుదర్శనం మోపెడ్ తీసి, తపేలాను కాళ్ళ మధ్య పెట్టుకుని, "ఎక్కు," అన్నాడు. బంకు దగ్గర టెంపో కనబడకపోయేసరికి ఏటికట్ట దాకా తీసుకెళ్ళి అక్కడ దింపాడు.

"నువ్వు రావా?"

"నన్ను చూస్తే ఆయన ఇంకా బిగుసుకుంటాడు. నేను ఈడనే ఉంటా. నువ్వు పో."

ఇసుకలో టార్పాలిన్ల కింద వరసగా గుర్రాలు. మైకు పరీక్ష చేస్తూ ఎవడో అరవంలో ఒకే అంకె మళ్ళీ మళ్ళీ చెబుతున్నాడు. బంకువాళ్ళు పొమ్మన్నారేమో, టెంపో ఇప్పుడు ఏట్లోకి వచ్చి చివరన నిలబడి ఉంది. దొరస్వామి బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. గుర్రం ముందు మరో బకెట్టు, దాని నిండా నీళ్ళు. నీళ్ళ మీద గడ్డిపోచ ఒకటి తేలుతోంది. ముట్టుకోలేదు. గుర్రం తల వేలాడేసి నిలబడింది. రేపు పందెం.

అన్న వెంట్రుకలు మొత్తం తెల్లబడిపోయాయి, నిన్న పొద్దువాలిన వెలుగులో అంతగా తెలియలేదు. ఆ సంగతి ఎవరూ తనకు చెప్పలేదు. చొక్కా పై గుండీ లేదు. ఆ గుండీ చోట పిన్నీసు పెట్టుకున్నాడు.

రుక్మిణమ్మ ఆయన్ని పలకరించలేదు. తిన్నగా గుర్రం దగ్గరికి పోయి, "ఏమే, ఎప్పటినుంచి నీళ్ళు తాగలేదు?" అని అడిగింది.

"నిన్నటినుంచి," అన్నాడు దొరస్వామి.

"నిన్ను అడగలేదు."

"అది మాట్లాడదు."

"నువ్వు మాత్రం పెద్ద మాట్లాడతావుండావా?"

ఆమె క్యాను మూత తిప్పి కట్టును బకెట్టులో పోసింది. ఆ వాసనకు గుర్రం చెవులు నిలబెట్టింది. ముక్కు దగ్గరికి తెచ్చింది, ఉఫ్‌మని ఊదింది, నీళ్ళు చింది ఆమె చీర మీద పడ్డాయి. మళ్ళీ తల దించింది. ఈసారి ఎత్తలేదు. గుటక వెంట గుటక. బకెట్టు సగమయ్యాక దొరస్వామి మొహం అటు తిప్పుకుని ముక్కు చీదుకున్నాడు.

గుర్రం తల ఎత్తింది. నుదుటి మీద తెల్లగా, వేలు పెట్టి అద్దినట్టు, ఒక చుక్క.

"ఇదేనా?" అంది రుక్మిణమ్మ.

"ఇదే. చుక్క."

"ఆ దినం పుట్టింది?"

"ఆ దినమే. తెల్లారుజామున. కాళ్ళు అడ్డం తిరిగినాయి. చెయ్యి పెట్టి తిప్పి లాగితి. తల్లి పోయింది."

రుక్మిణమ్మ క్యాను కింద పెట్టింది. "ఆ మాట ఎవురూ చెప్పలేదే నాకు!"

"ఎవురితో చెప్పేది? ఒగపక్క తల్లి చచ్చి పడుండాది. ఇంగోపక్క ఇది నిలబడేదానికి కింద మీద పడతావుండాది. అంగడి పాలు సీసాలో పోసి దీని నోట్లో పెట్టి, అట్లే పరిగెత్తొస్తి. నెత్తురైన చొక్కా అన్నా మార్చుకోలేదు. పెండ్లిలో అందురూ ఆ చొక్కాపక్కే చూసినారు."

ఆ రోజు వీపు మాత్రమే చూసిన రుక్మిణమ్మకు చొక్కా ముందు భాగం సంగతి తెలియదు. ఏం అన్నా చిన్నదే అవుతుందని తోచింది. తపేలా మూత తీసి గింజలు గుర్రం ముందు పెట్టింది. అది తింటుంటే దాని మెడ మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది.

"రాత్రికి ఇంటికి రా," అని చెప్పడం ఎంత సులువో అంత కష్టమని అప్పుడే అర్థమయింది. నిన్న బాడుగ చెప్పిన నోరది. అదే నోటితో రమ్మంటే ఆయన రాడు. ఆయన రాకపోతే తప్పు ఆయనది కాదు.

బొడ్డులో దోపుకున్న కుంకుమ భరిణ తీసింది. అన్నకోసమని తెచ్చింది కాదు, ఎందుకు తెచ్చిందో ఆమెకే సరిగా తెలియదు. పేరంటానికి పిలవడానికి ఇల్లిల్లూ తిరిగే ఆడవాళ్ళకు భరిణ లేకుండా గడప దాటడం అలవాటు లేదు, అంతే. వేలితో కుంకుమ తీసి, చుక్క నుదుటి మీద ఆ తెల్లమచ్చకు కింద బొట్టు పెట్టింది.

"అమ్మా చుక్కా," అంది, వీధిలో ముత్తయిదువను పిలిచినట్టే, గొంతు సవరించుకుని. "నిన్ను పిలిచేదానికి వచ్చినా. ఈ మూడు దినాలూ మా ఇంట్లో ఉండు. కొట్టం ఊడ్చి పెట్టినా. తొట్టిలో నీళ్ళుండాయి, కట్టు కలిపి పెడతా. ఒగ పొద్దు తిండికీ లోటు రాదు. నీ వెంట వచ్చేవాళ్ళు ఎవురన్నా ఉంటే వాళ్ళనూ పిల్చుకోని రా."

గుర్రం ఉలవలు నములుతూ తల ఊపింది. ఈగ వాలిందేమో.

"బాడుగెంతో అడగమంటావా దాన్ని?" అన్నాడు దొరస్వామి.

"దాన్ని బాడుగ అడిగే మొగం నాకు లేదన్నా."

అన్నా అనే మాట ఆమె నోట వచ్చి ఆరేళ్ళయింది. దొరస్వామి లేచాడు. మోకాళ్ళు పట్టేసి వెంటనే నిలబడలేకపోయాడు. ఆమె చెయ్యి అందించింది. ఆయన పట్టుకున్నాడు.

"దాన్ని పిలిస్తివి కాబట్టి అది వస్తాది," అన్నాడు. "దాన్ని ఒగదాన్నే పంపేదానికి కాదు. కొత్త చోట నేను పక్కన లేకపోతే అది పండుకోదు. రాత్రంతా నిలబడే ఉంటాది."

"నాకు తెలుసు. నేనూ మన నాయన కూతురునే."

కట్ట మీద సుదర్శనం ముగ్గురూ రావడం చూసి మోపెడ్‌ను స్టాండు మీదనుంచి తీశాడు, మళ్ళీ స్టాండు వేశాడు, మళ్ళీ తీశాడు. దగ్గరికి రాగానే ఏమనాలో తోచక గుర్రానికి దండం పెట్టాడు. ఎవరూ నవ్వలేదు. చివరికి ఆయన మోపెడ్ తోసుకుంటూ, వాళ్ళు గుర్రం నడిపించుకుంటూ, అందరూ కాలినడకనే ఊళ్ళోకి వచ్చారు. పై వీధి వసారాలో మంచం మీదున్న మామగారు, "యాడికప్పా ఈ ఊరేగింపు?" అని కేకేశాడు. "చెల్లెలింటికి," అంది రుక్మిణమ్మ, వీధంతా వినబడేటట్టు.

అలమేలు గోడ దగ్గర ముందే ఉంది. గుర్రం నుదుటన బొట్టు చూసింది, మనుషుల మొహాలు చూసింది. అడగడానికి నోరు తెరిచింది, రుక్మిణమ్మ చూపు చూసి మూసుకుంది. అలమేలు జీవితంలో అది చాలా అరుదు.

దొరస్వామి గేటు దగ్గర చెప్పులు విడిచాడు. రుక్మిణమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. కాళ్ళు కడుక్కుని, గుర్రాన్ని కిటికీ ఎదుట కట్టి, గదిలోకి పోయి కిటికీలోంచి అది కనబడుతోందో లేదో చూసుకున్నాడు. మంచం కొంచెం జరిపాడు. అప్పుడు బాగా కనబడింది. సంచీ మంచం మీద పెట్టాడు.

మధ్యాహ్నం ఉలవచారు కాచింది రుక్మిణమ్మ. అడుగు మిగుల్చుకున్న కట్టుతో, చిక్కగా, తెల్లగడ్డలు ఎక్కువ వేసి. మింజూరులో అత్తగారింట ఉన్న మధుమితకు ఫోను చేసి స్పీకర్లో పెడితే, అది అవతలనుంచి, "మామా, నువ్వు మా ఇంట్లో ఉండావా? అబద్దం! ఫోటో పంపీ, నమ్మతా!" అని అరిచి, ఆ తర్వాత ఏడ్చి, మాట్లాడలేక పెట్టేసింది. దొరస్వామి ఫోను కేసి చూశాడు. "బరువు తగ్గిందా?" అని అడిగాడు. "పెరిగింది," అంది రుక్మిణమ్మ. ఆయన తల ఊపి అన్నంలో చారు పోయించుకున్నాడు.

సుదర్శనం ఎదురుగా కూర్చుని ఉన్నాడు. పొద్దుటినుంచీ ఏదో ఒకటి చెప్పి గుండె తేలిక చేసుకోవాలని ఆయన తాపత్రయం. ముహూర్తం సంగతి ఎత్తబోయి మానుకున్నాడు. పెద్దనాన్న కొడుకు సంగతి ఎత్తబోయి అదీ మానుకున్నాడు. చివరికి ఇంటిల్లిపాదికీ సరిపోయే మాట ఒకటి దొరికినట్టు మొహం విప్పారింది.

"ఏమైనా ఈ పందెం మన ఊర్లో పెట్టింది మంచిదయింది బావా," అన్నాడు. "పెట్టకపోయినా ఏమిలే, ఇయ్యాళ కాకుంటే రేపు నువ్వే వచ్చుందువు. తోడబుట్టిన దాన్ని చూడకుండా ఎంతకాలమని ఉంటావు?"

రుక్మిణమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. అవును అంటాడని, ఆ ఒక్క మాట అంటే చాలని, అన్న మొహంకేసి చూసింది. దొరస్వామి పళ్ళెం అంచున వేలితో చారు తుడిచి, ఆ వేలు నాకి, తల ఎత్తాడు.

"లేదు బావా. లాడ్జీలో చోటు దొరికుంటే నేను వచ్చేవాణ్ణి కాదు."